ఖాళీగా వచ్చిన గిన్నె

మేస్త్రీ రాజన్న మూడో వరుస ఇటుకలు పేర్చేసి నాలుగో వరుసకు సిమెంటు మాలు కలుపుతున్నాడు. ఇంకో గంట గడిస్తే, సైదాబాద్‌లో రెండిళ్ల మధ్య గోడలో ఇరవై రెండేళ్లుగా ఉన్న చిన్న దారి మూసుకుపోతుంది.

"సారూ, ఏదన్న చెయ్యుండ్రి," అంది నాగమణమ్మ. నేను ఆమె ఇంట్లో పైగదిలో అద్దెకుంటాను. "నేను చెప్తే పక్కింటి లీలమ్మ ఇంటలేదు. గీ దారి మూస్తే ఆమె ఇంటికి నేనెట్ల పోవాలె? మీరు సోషియాలజీ సారే గదా?"

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు 'సమాజం, సంస్కృతి' చెప్తాను. సమాజం స్వయంగా వచ్చి నన్ను సాయం అడగడం ఇదే మొదటిసారి.

నోట్‌బుక్ తీసుకుని ఇటుకల మీదుగా అవతలికి దాటాను. సామ్యూల్ కుర్చీ వేసుకుని పని చేయిస్తున్నాడు. అతని భార్య లీలమ్మ ఒక స్టీలు గిన్నె తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అంచు మీద చుక్కలతో చెక్కిన పేర్లు: సామ్యూల్, లీలమ్మ.

"నా బిడ్డ భాగ్యశ్రీకి నౌకరొచ్చిందని మొన్న గిండ్ల సేమ్యా పంపిన. నిన్న పొద్దుగూకినంక చూస్తే గిన్నె గోడ మీద బోర్లించి ఉంది. పిడికెడు చక్కెరన్న లేదు. అంటే ఏంది సారూ? మీ ఇంటిది మాకొద్దు, మళ్ల పంపకుర్రి అన్నట్టే గదా?"

పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. పోయిన వారం నేను బోర్డు మీద రాసిన ఉదాహరణ అచ్చంగా ఇదే. కింద రెండు గీతలు కూడా గీశాను.

"దీన్ని కట్టుబాటు అంటారు," అని సామ్యూల్‌కి చెప్పడం మొదలుపెట్టాను. "మీరితే పోలీసులు రారు. చుట్టుపక్కలవాళ్లే శిక్ష వేస్తారు. మాట మానేస్తారు, పెళ్లికి పిలవరు..."

"గోడ గూడ కడతరా, మీ బుక్కుల?"

"అది... కొత్త ఉదాహరణ."

"అయితే రాస్కోండ్రి. రాజన్నా, నువ్వు కానియ్."

మళ్లీ ఇవతలికి దూకి విచారణ మొదలుపెట్టాను. మొదటి అనుమానితుడు నాగమణమ్మ భర్త వైకుంఠం. పత్తర్‌గట్టిలో దుకాణం. మనిషి పరధ్యానం. పెన్సిల్ నాలుకకు తగిలించుకుని ఆయన పేరు రాశాను.

"గిన్నె ఆయనే ఖాళీగా పెట్టారా, అమ్మా?"

"ఖాళీ ఎందుకైతది? నిన్న సర్వపిండి చేసి నాలుగు ముక్కలు పెట్టిన. మోకాళ్లు నొస్తుంటే, ఆయనొచ్చినంక ఇచ్చిరమ్మందమని, పైన ఆకు కప్పి మెట్ల మీద పెట్టిన. తర్వాత చూస్తే గిన్నె లేదు. ఆయనే ఇచ్చిండనుకున్న."

"ఏ మెట్ల మీద?"

"మీరెక్కే మెట్లే. మూడో మెట్టు."

పెన్సిల్ ఆగిపోయింది.

నిన్న కాలేజీ నుంచి వస్తుంటే మూడో మెట్టు మీద గిన్నె కనిపించింది. ఆకు తీస్తే నువ్వుల వాసన. గురువును గౌరవించే సమాజం ఇంకా మిగిలే ఉందని గదిలో కూర్చుని నాలుగు ముక్కలూ తిన్నాను. అంచు మీద పేర్లు చూసి, లీలమ్మే నా కోసం పంపిందనుకున్నాను. బాధ్యత గల పౌరుడిలా గిన్నె తళతళా తోమి గోడ మీద బోర్లించాను. అప్పుడైనా పిడికెడు చక్కెర వెయ్యాలని తోచలేదు. నా దృష్టిలో కట్టుబాట్లు పరీక్ష రాసే పిల్లలకే. ఇందాక లీలమ్మ అదే గిన్నె ముఖం ముందు పెట్టినా నాకు బోర్డు మీది ఉదాహరణే కనిపించింది.

పిల్లి తిందని చెబితే? చెప్పొచ్చు. కానీ గిన్నె తోమే పిల్లిని ఈ గల్లీలో ఎవరూ నమ్మరు. వైకుంఠం పేరు చెబితే? ఆయన సాయంత్రం దాకా రాడు. ఈలోపు గోడ పూర్తవుతుంది.

రాజన్న నాలుగో వరుసలో మొదటి ఇటుక పెట్టాడు.

"ఆగు, రాజన్నా!" అన్నాను.

"ఏంది సారూ, దొరికిండా?" అన్నాడు సామ్యూల్.

"దొరికాడు."

నాగమణమ్మ ఇటువైపు, లీలమ్మ అటువైపు. నిన్నటి నుంచి మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరు?" అంది లీలమ్మ.

"మురళి."

"ఏ మురళి?" ఇద్దరూ ఒకేసారి అడిగారు. మూడేళ్లుగా ఆ గల్లీలో నన్ను సారూ అనడమే తప్ప, ఎవరూ పేరు అడగలేదు.

"పైగది మురళి," అన్నాను నోట్‌బుక్ మూసేసి. "సోషియాలజీ సారు మురళి."