పైడితల్లి నడుముకి చుట్టుకున్న తెల్ల బెల్టు

నేను ఒక తెల్ల బెల్టుని. కరాటే నేర్చుకుందామని వచ్చినవాళ్ళు మొదటిరోజు ముచ్చటపడి కట్టుకునేదీ నన్నే, మొదటి పరీక్ష పాసవగానే విప్పి మూల పడేసేదీ నన్నే. మీరట్‌లో ఎనిమిది వరసల కుట్టుతో పుట్టాను. బొబ్బిలి వచ్చాక ముగ్గురి నడుములు చుట్టాను. పసుపు బెల్టు చేతికి రాగానే ఒక్కరు నావంక చూస్తే ఒట్టు. కరాటే నేర్పే నర్సింగరావు మాస్టారు మాత్రం నన్ను మడతపెట్టి బీరువాలో దాచేవారు. ఆయన చల్లగా ఉండాలి.

నాలుగో మనిషి పైడితల్లి. నలభై నాలుగేళ్ళ బస్సు కండక్టరు. టికెట్టు తీసుకోమన్నందుకు ఒక తాగుబోతు ఆమెను మెట్లమీంచి తోసేశాడు. విరిగిన చెయ్యి అతుక్కుంది గానీ, ఆనాటి నుంచి గట్టిగా అరవబోతే గొంతు పెగలడం లేదు. కేక వెయ్యలేని కండక్టరు బస్సులో ఏం చేస్తుంది? సెలవు ఇంకో నెలలో అయిపోతుంది. మళ్ళీ డ్యూటీ ఎక్కగలనా అన్నదే ఆమె దిగులు. కూతురు పోరగా పోరగా క్లాసులో చేరింది.

కరాటే అంటే తన్నుకోవడమే అనుకుని వచ్చింది పాపం. ఇక్కడ ముందు చెప్పులు వరసగా విడవాలి, గుమ్మం దగ్గర వంగి నమస్కరించాలి, మోకాళ్ళమీద కూర్చుని కళ్ళు మూసుకోవాలి. ఆ తర్వాత జపాను అంకెలు లెక్కపెడుతూ ఒకే గుద్దు వందసార్లు. ప్రతి పదో గుద్దుకీ పొట్టలోంచి కేక రావాలి. పిల్లల కేకలకి కిటికీలు అదురుతుంటే, పైడితల్లి నోరు తెరిచి ఊరుకునేది. లోపల ఆ పొట్ట ఎంత బిగుసుకుపోయేదో నాకే తెలుసు.

దానికితోడు నేను రోజూ ఊడిపోయేదాన్ని. బెల్టు ఊడితే గోడవైపు తిరిగి, మోకాళ్ళమీద కూర్చుని కట్టుకోవడం ఇక్కడి పద్ధతి. ఆమె మాత్రం మాస్టారి ఎదుటే నిలబడి నా ముడితో కుస్తీ పట్టేది. పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. చివరికి మాస్టారే కారణం అడిగారు.

“గురువుకి ఈపు సూపిస్తే తప్పు కాదేటండీ?” అంది.

ఆయన నవ్వలేదు. “సర్దుకోడానికి ఎనక్కి తిరగడం తప్పు కాదమ్మా. సర్దుకున్నాక మళ్ళీ ఇటు తిరగాల, అంతే. ఎంతసేపు పడితే అంతసేపు తీసుకో. మేం ఆగుతాం.”

పైడితల్లి గోడవైపు తిరిగి కూర్చుంది. నన్ను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా ఏడవని ఏడుపది. క్లాసంతా కదలకుండా నిలబడింది, నవ్విన పిల్లలతో సహా. ఆమె ముడి బిగించి లేచి, ఇటు తిరిగి గుద్దు విసిరింది. కేక వచ్చింది. బీరువా తలుపు చప్పుడు చేసిందంటే నమ్మండి.

పసుపు బెల్టు పరీక్ష సోమవారం పెట్టారు. ఆమె సెలవు ఆదివారంతో సరి. పరీక్షకి వెళ్ళకుండా డ్యూటీ ఎక్కింది, ఖాకీ కోటు కింద నన్ను కట్టుకుని మరీ. పరీక్ష పాసై ఉంటే ఈపాటికి నేను బీరువాలో ఉండేదాన్ని. నన్ను తనతో తీసుకొచ్చినందుకు ఆమెకి ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకున్నా తక్కువే.

మెట్లమీద మగవాళ్ళు కిక్కిరిసి వేలాడుతున్నారు. గుద్దుతో కేక వేసేటప్పటిలాగే నా కింద పొట్ట లోపలికి పోయింది.

“లోపలికి జరగండి. టికెట్టు తియ్యండి.”

బస్సు బస్సంతా జరిగింది.