రెండు సెకన్ల చప్పుడు

మా అన్నయ్యకు చెవుడు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టేస్తాడు కనుక ఈ సంగతి వదినకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే షెడ్డులో వాడి పని అయిపోయినట్టే, ఎందుకంటే వాడి పేరంతా ఆ చెవి మీదే నిలబడింది. "మా పెద్దోడు ఇంజిన్ పక్కన నిలబడితే చాలు, రోగం చెప్పేస్తాడు" అని మా మేనమామ కనపడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. కార్లు బాగుచేసే ఆ షెడ్డు మామయ్యదే.

అసలు సంగతి వేరు. పాత ఇంజెక్షన్ కార్లలో తాళం తిప్పగానే వెనక సీటు కింద, ట్యాంకులో ఉండే పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. అది మోగితే రోగం ముందు వైపు, ఇంజిన్లో వెతుక్కోవాలి. మోగకపోతే ఫ్యూజో, రిలేనో, పంపే పోయిందో చూసుకోవాలి. అన్నయ్య ముందు కూర్చుని తాళం తిప్పేవాడు. నేను వెనక సీటు ఎత్తి వినేవాణ్ణి. వాడు అద్దంలో నా ముఖం చూసేవాడు. నేను తల ఊపితే మోగినట్టు. మూడేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాం. చెవి నాది, పేరు వాడిది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది నన్ను చూసే పుట్టి ఉంటుంది.

ఒకరోజు మామయ్య అందరి ముందూ అన్నాడు: "నాకిక ఓపిక లేదురా. ఇకమీదట షెడ్డు పెద్దోడిది. చిన్నోడా, నువ్వు వాడి కింద బుద్ధిగా పని నేర్చుకో. వాడి చెవిలో నాలుగో వంతు వచ్చినా బతికిపోతావ్."

అందరూ నవ్వారు. అన్నయ్యకు ఆ మాటలు సరిగ్గా అందలేదు. నలుగురూ నవ్వుతున్నారు కదా అని వాడూ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మామయ్య సొంత కారులో పంపు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. మామయ్యకు ప్రాణమైన పాత కారు అది. ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. "పెద్దోణ్ణి పిలవండి" అని మామయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

అన్నయ్య తాళం తిప్పాడు. వెనక సీటు కింద చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. వాడి కళ్లు అద్దంలోకి వచ్చాయి. నేను తల ఊపాను.

"పంపు బాగుంది మామయ్యా. ఇంజెక్టర్లు మూసుకుపోయుంటాయ్."

పైపు విప్పి పెట్రోలు వస్తోందో లేదో చూసుకోవచ్చు. కానీ నేను తల ఊపాక వాడు రెండోసారి చూసుకోవడం నేనెన్నడూ ఎరగను. ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పాడు. కడిగాడు, గాలి కొట్టాడు, కొత్త రబ్బరు రింగులు వేసి బిగించాడు. వేళ్లు చీరుకుపోయాయి. మధ్యాహ్నమైంది. కారు మాత్రం కదల్లేదు. చూస్తుంటే నాకు జాలి వేసింది. అయినా ఆగలేదు.

"మామయ్యా, ఒకసారి నువ్వే విను" అని వెనక సీటు దగ్గర కూర్చోబెట్టాను. అన్నయ్యకు సైగ చేశాను. వాడు తాళం తిప్పి అద్దంలో చూశాడు. మళ్లీ తల ఊపాను.

"విన్నావుగా మామయ్యా, ఎంత బాగా మోగుతోందో!" అన్నాడు అన్నయ్య.

నేను జేబులోంచి ఫ్యూజు తీసి మామయ్య అరచేతిలో పెట్టాను. ఆయన ముందు నన్ను కొట్టేలా చూశాడు. తర్వాత అన్నయ్య వీపు వైపు చూశాడు.

"ఒరేయ్ పెద్దోడా."

వాడు తిరగలేదు.

"ఒరేయ్ చెవిటి వెధవా!"

షెడ్డులో ఆ పక్కన కార్లకు పెయింటు కొట్టేవాళ్లు పని ఆపి పగలబడి నవ్వారు. "ఇన్నాళ్లూ చెవిటోడి ముందు శంఖం ఊదానన్నమాట" అన్నాడు మామయ్య. అన్నయ్య తాళం మీద చెయ్యి తియ్యకుండా అద్దంలో నా ముఖమే చూస్తున్నాడు. నేనూ నవ్వాను. నా నవ్వు చూశాకే వాడికి అర్థమైంది.

"పాముకి చెవులుండవంటారు. నీకున్నాయ్" అన్నాడు మామయ్య నాతో. "షెడ్డు నువ్వే చూసుకో."

అన్నయ్యను సామాన్లు కడిగే పనికి మార్చారు. వారం తర్వాత మరో పాత కారు వచ్చింది. వెనక కూర్చునేందుకు మనిషి కావాలి, వాడే ఖాళీగా ఉన్నాడు. నేను తాళం తిప్పాను. వాడు సీటు ఎత్తి ట్యాంకు మూత మీద అరచెయ్యి ఆనించాడు.

"మోగుతోంది" అన్నాడు. నిజంగానే మోగుతోంది.

వాడికి నా పెదాలు కనపడేలా వెనక్కి తిరిగాను. "చెయ్యి పెడితే తెలుస్తుందా? మరి ఇన్నాళ్లూ నన్నెందుకు అడిగావ్?"

"మొదట్నుంచీ తెలుసు" అన్నాడు. "నువ్వుండగా చెయ్యెందుకులే అనుకున్నాన్రా."

తన గొంతు ఎంత పెద్దదో వాడికి తెలియదు. షెడ్డంతా విన్నది. పెయింటువాళ్లు ఈసారి నవ్వలేదు.

"అన్నయ్యా" అన్నాను. వాడు తల వంచుకుని సీటు సర్దుతున్నాడు. నా ముఖం చూడలేదు కనుక వాడికి వినపడలేదు.