కాళ్లాయన

ట్రేలోంచి ఒక కాలు తీశాడు. దాని వంపు మీద బొటనవేలు నడిపి ఎడమ గిన్నెలో వేశాడు. ఇంకోటి తీశాడు, అది కుడి గిన్నెలోకి వెళ్లింది. ఒక్కో చెక్క కాలు అగ్గిపుల్లంత పొడవు.

బొమ్మరిళ్లకు పాతకాలపు కుర్చీలు, సోఫాల కిట్లు తయారుచేసే కార్ఖానా అది. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని జిగురు పెట్టి అతికించుకోవాలి. రెండు వందల ఏళ్ల నాటి కుర్చీకి ముందుకాళ్లు మోకాలి దగ్గర వంగి, పాదాలు కాస్త బయటికి తిరిగి ఉంటాయి. అసలు కుర్చీలో పన్నెండో వంతుకు దించేసరికి ఆ తిరుగుడు కంటికి ఆనదు, వేలికే తెలియాలి. నునుపు చేసే డ్రమ్ములోంచి కలగాపులగంగా వచ్చిన కాళ్లను కుడీ ఎడమా ఏరి, పెట్టెకు ఒక జత వెయ్యడం ఇరవై ఎనిమిదేళ్లుగా అతని పని. అందుకే కాళ్లాయన అయ్యాడు. "రోజుకు నాలుగొందల కాళ్లు పట్టుకునే మనిషి ఊరు మొత్తమ్మీద ఈయనొక్కడే" అని పక్క బల్ల మీద సోఫా గుడ్డలు కత్తిరించే ఆవిడ ఆటపట్టించేది. అతనూ నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వడం లేదు. రెండు నెలలుగా ఆ బొటనవేలు మొద్దుబారిపోయింది. వేణ్ణీళ్లలో ముంచాడు, నూనె రాశాడు, పళ్లతో కొరికి చూశాడు. లాభం లేకపోయింది. ఎవరికైనా చెబితే మర్నాడు ఆ స్టూలు మీద ఇంకొకరుంటారు. ఏభై ఎనిమిదేళ్ల మనిషికి, కాళ్లు ఏరడం తప్ప ఇంకేమీ రానివాడికి, ఎక్కడ చోటుంటుంది? అందుకని తెలిసినట్టే తీస్తున్నాడు, తెలిసినట్టే వేస్తున్నాడు.

పదిగంటలకు సూపర్‌వైజరమ్మ తిరిగొచ్చిన పెట్టెలు పదకొండు తెచ్చి బల్ల మీద పెట్టింది. అతికించిన కుర్చీ ఒకటి అతని ముందు నిలబెట్టింది. రెండూ ఎడమ కాళ్లే. ఒక పాదం బయటికి, ఒకటి లోపలికి.

"ఇదేంటండీ, తాగొచ్చి నిలబడ్డట్టుంది? ఎవరు ఏరారు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. రావడమైతే వచ్చింది.

"పోయిన నెల నాకు జ్వరమొచ్చి రెండ్రోజులు రాలేదు కదమ్మా. అప్పుడు మా బావ ఏరాడు" అన్నాడు.

బావ అంటే వాళ్లక్క భర్త. రంపం మిషన్ మీద ఈ కాళ్లను కోసేది ఆయనే. ఈ స్టూలు ఇప్పించిందీ ఆయనే. భార్య పోయాక ఇతన్ని తమ వెనక గదిలో పెట్టుకుని, ఇన్నేళ్లుగా ఒక్క మాట అనకుండా అన్నం పెడుతున్నదీ ఆ ఇల్లే. అలాంటి మనిషి పేరు ఎంత సులువుగా వచ్చేసిందో నోటికి! చేపకు ఈత నేర్పాలా, పిరికితనానికి అబద్ధం నేర్పాలా?

సూపర్‌వైజరమ్మ రంపం దగ్గరికి నడిచింది. మిషన్ ఆగింది. బావ పెట్టెల వంక చూశాడు. తరవాత తలెత్తి, గది ఈ చివరనున్న బావమరిది వంక చూశాడు. ఎక్కువసేపు కాదు.

"అయ్యుంటుందమ్మా. చూపు ఇదివరకటిలా లేదు" అన్నాడు.

"అరవై దాటాయి కదండీ. ఇవాళ్టితో చాలించండి" అందామె. గొంతులో కోపం కూడా లేదు.

మిషన్ మళ్లీ మొదలైంది.

మధ్యాహ్నం అక్క కట్టిన డబ్బా విప్పాడు. రెండు ముద్దలు మింగి మూత పెట్టేశాడు. గుడ్డలావిడ అతని వేలి వంక చూసి, "డాక్టరుకి చూపించుకోండి, నామాట వినండి" అంది. ఆవిడకు ఎప్పుడో తెలుసన్నమాట. "ఏం లేదమ్మా, పని ఒరిపిడి" అని చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

మూడు గంటలప్పుడు ఇంకో పెట్టె తిరిగొచ్చింది. సూపర్‌వైజరమ్మ లేదని సరాసరి అతని బల్ల మీదే పడేసి పోయారు. సోఫా కిట్టు. విప్పి, ముందుకాళ్లు రెండూ వెలుతురుకు పట్టుకుని, పక్కపక్కన ఆనించి కొలిచాడు. రెండూ కుడివే. ఈ రకం సోఫా మొదలుపెట్టి పదిరోజులే అయింది. బావ ఈ స్టూలు మీద కూర్చున్నది పోయిన నెల. ఇక వాదించడానికేముంది? ఈ పెట్టె తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెడితే చాలు, బావ రేపు మళ్లీ పనిలోకి వస్తాడు.

లేచాడు. నాలుగడుగులు వేశాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చేదాకా నిలబడితే సరిపోయేది. నిలబడలేకపోయాడు. వెనక్కి వచ్చి ఆ కాళ్లు రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు. చెయ్యి మాత్రం తడబడలేదు, సిగ్గులేనిది.

నాలుగింటికి మిషన్ ఆగిపోయింది. బావ ఏప్రన్ విప్పి, చెక్కపొడి దులిపి, మడిచి చంకన పెట్టుకున్నాడు. బల్ల దగ్గర ఆగాడు.

"వెళ్తున్నానోయ్. మీ అక్కకి నేను చెప్పుకుంటాలే. నువ్వేం కలగజేసుకోకు."

"బావా..."

"ఊఁ?"

బావ నిజంగానే ఆగి చూశాడు. చెప్పడానికి ఆ కాసేపూ ఇచ్చాడు.

"ఎండగా ఉంది, జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు కాళ్లాయన.

బావ అతని భుజం మీద చెయ్యేసి తీశాడు. మెట్లు దిగిన చప్పుడు, తరవాత వీధి తలుపు పడిన చప్పుడు. ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషి పోతుంటే గదిలో ఎవరూ పని ఆపలేదు.

అయిదు కావస్తుండగా గుడ్డలావిడ ఒక ట్రే తెచ్చి అతని ముందు పెట్టింది.

"మీ బావగారు మీకిమ్మన్నారు. పొద్దుట్నుంచీ కోసినవిట. కుడికాళ్లకి మాత్రం, సీటులోకి దిగే మొన దగ్గర గాటు పెట్టారట. వేలికి తగులుతుంది, ఇంక తడుముకోనక్కర్లేదని చెప్పమన్నారు."

అతను ఆవిడ వంక చూడలేదు. ఒక కాలు తీసుకుని మొన మీద బొటనవేలు ఆనించాడు. ఏమీ తెలియలేదు. గట్టిగా నొక్కాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి. ఏమీ లేదు. ఆవిడ వెళ్లిపోయాక ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

ఉంది. జిగురు పెట్టి అతికించాక సీటు లోపలికి వెళ్లి ఎవరికీ కనబడకుండా పోయే చోట, వెంట్రుకంత సన్నగా, తిన్నగా, ఒక గాటు.