పాలిష్ ఎవరిదని అడిగారు

విఠల్ చేసిన వాటిలో నేను క్షమించలేనిది ఒక్క మాట. జర్మనీ నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మా కార్ఖానా చూపిస్తూ, మూల కూర్చుని మంచం కోళ్లు రుద్దుతున్న నన్ను కూడా చూపించాడు. "మా ఇంటామె, పేరు కురుమమ్మ. ఊకె రుద్దుతది" అన్నాడు. పదహారేళ్లు కాపురం చేసిన మనిషికి నా గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ దొరకలేదు.

కార్ఖానా అంటే చిక్కడపల్లి గల్లీలో రేకుల షెడ్డు. వెనక రెండు గదుల్లో మేమిద్దరం, మా అత్త లక్ష్మవ్వ. అల్మారాలు, డ్రెస్సింగ్ టేబుళ్లు కోసేది, అతికేది విఠల్. ఆ తర్వాతదంతా నాది. అతను వదిలిన సందుల్లో రంపపు పొట్టు, బంక కలిపి మెత్తాలి. గరుకు కాగితంతో రుద్దాలి. లక్కరేకులు స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని పాత ధోతి ముక్కలో చుట్టి, పూత మీద పూత ఎక్కించాలి. వేళ్లు గోధుమరంగుకు తిరిగిపోయాయి. ఆ చేత్తో అన్నం వడ్డిస్తే స్పిరిట్ వాసనొస్తోందని అత్త పళ్లెం జరిపేది. గిరాకీలు వచ్చి, "పాలిష్ అద్దం లెక్క కొట్టినవ్ విఠల్" అంటే అతను తల ఊపేవాడు. నేను వాళ్లకు చాయ్ పెట్టేదాన్ని.

ఉలి, బాడిస, చిత్రిక ముట్టుకునే భాగ్యం మాత్రం నాకు లేదు. ఆడది తాకితే పనిముట్ల పదును పోతుందని మా వడ్లవాళ్ల ఇంట్లో పట్టింపు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఉలి మీది పొట్టు తుడిచానని అత్త దాన్ని కడిగి, పసుపు రాసి, సాంబ్రాణి పొగ వేసింది. ఆ జర్మనీ పిల్ల ఉల్రికె వచ్చిన రోజే ఆ ఉలి పట్టుకుంది. కూర్చోవడానికి విఠల్ తన స్టూలు తుడిచి ఇచ్చాడు. నేను అత్త వైపు చూశాను.

"ఏందట్ల సూస్తవ్? ఆమె తెల్లామె. ఆమెకేం మైల" అంది అత్త.

అది తొంభై ఆరు వానాకాలం. నారాయణగూడలో చెక్కపని నేర్పే ఒక సంస్థ ఉండేది. అక్కడి పీరయ్య సారు ఈ ఏర్పాటు చేశాడు. వాళ్ల దేశపు విద్యార్థి ఇక్కడ మూడు నెలలు పని చేయాలి, ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి మూడు నెలలు పోవాలి. నాకు మాత్రం పని పెరిగింది. కారం లేని కూర వేరే వండాలి, ఆమె బట్టలు పిండాలి, ఆమెకు జ్వరమొస్తే గంజి కాచాలి. "పరాయి దేశపు పిల్ల, మన ఇజ్జత్ ఉండాలె" అనేవాడు విఠల్. ఇజ్జత్ అతనిది, గంజి నాది.

కొన్నాళ్లకు ఉల్రికె స్టూలు వదిలేసి వచ్చి నా పక్కన నేల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె వేసిన పూత ముసురు తేమకు విరిగిన పాలలా తెల్లబడిపోయింది. కుంపటి దగ్గర పలకను వెచ్చబెట్టి, తేమ పోయాక పూత ఎక్కించడం చూపించాను. "నీ గురువు ఎవరు?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. పాడైపోయిన పలకలన్నాను. ఆమెకు అర్థమైందో లేదో, నవ్వలేదు. వాళ్ల బడిలో ఒక్కొక్కరికి ఒక్కో పనిబల్ల ఉంటుందట. బల్లకు సొరుగు, సొరుగుకు తాళం. ఆ తాళంచెవి ఆడపిల్ల మెడలో ఉన్నా ఎవరూ ఏమీ అనరట. ఆ రోజంతా నాకు అదే ఆలోచన. నా ఇంట్లో నేను తాళం వేసుకోగల వస్తువు ఒక్కటీ లేదు. నా పెట్టె కూడా అత్త మంచం కిందే ఉంది. అక్కడ మూడు నెలలు చాలు, పొద్దున లేచి నేరుగా నా బల్ల దగ్గరికి పోతాను, మధ్యలో ఎవరికీ చాయ్ పెట్టను అనుకున్నాను. అలా అనుకోవడానికే సిగ్గేసింది.

అక్కడికి పంపాల్సిన మనిషిగా ఉల్రికె నా పేరే రాసిచ్చింది. పీరయ్య సారు వచ్చి చెప్పగానే విఠల్ నవ్వాడు. "జర్మనీల గిన్నెలు తోమెటోళ్లు లేరా సారూ?" సారు నవ్వలేదు, అలాగని కాదనలేదు కూడా. నా పేరు కొట్టేసి విఠల్ పేరు రాసుకున్నాడు.

పంపేముందు జర్మనీవాళ్లు వచ్చి పరీక్ష పెడతారు, దానికి సొంతంగా చేసిన చిన్న పెట్టె తీసుకుపోవాలి. పాలిష్ లేకుండా ఉత్త చెక్కే పెట్టాలని, వాళ్లు అతుకు చూస్తారని ఉల్రికె నాకు చెప్పింది. నేను విఠల్‌కు చెప్పాను.

"పాలిష్ లేని సరుకు నలుగురి ముందర పెడ్తరా? బరిబాతల పిల్లను పెండ్లికి తోల్కపోయినట్టుంటది. నీకేం తెలుసు, కొట్టు."

కొట్టాను. కావాలని పాడు చేయొచ్చు కదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. టేకు గీతలు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే చెయ్యి ఆగలేదు.

పరీక్షనాడు విఠల్ మధ్యాహ్నానికే వచ్చేశాడు. చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు.

"అతుకు బాగలేదన్నరు" అన్నాడు. "పాలిష్ ఎవరిదని అడిగిన్రు."

"ఏమన్నవ్?"

"నాదేనన్న. రేపు పొద్దుగాల వాళ్ల ముందర కొట్టి సూపియ్యాలెనట. మంచిగొస్తే పాలిష్ పనికి తీస్కపోతరట. జర సూపియ్యి, సాయంత్రం దాంక నేర్చుకుంట."

జర సూపియ్యి. పదహారేళ్లలో అతను నన్ను అడిగింది అదొక్కటే. బయట ముసురు. నేను దాచుకోలేదు, ఉన్నదంతా చెప్పాను. దూదిని ఎంత తడపాలో, ఎక్కడా ఆపకుండా చెయ్యి ఎలా తిప్పాలో, కుంపటికి ఎంత దూరంలో ఉండాలో. అతను పలక వెచ్చబడేదాకా ఆగలేకపోయాడు. పూత తెల్లబడింది. మళ్లీ వేశాడు, మళ్లీ తెల్లబడింది. దూది ముద్ద నా ముఖాన కొట్టాడు.

"కావాల్నని తప్పు చెప్తున్నవ్. నేను పోతే ఓర్వలేవు" అన్నాడు.

ముఖం కడుక్కున్నాను. స్పిరిట్‌కు కళ్లు మండాయి. దేనికీ ఏడవలేదు.

పొద్దున అతను తల దువ్వుకుంటుంటే నేను లక్క డబ్బా, దూది చేతిసంచిలో పెట్టుకున్నాను.

"ఏడికి?" అంది అత్త.

"పాలిష్ ఎవరిదని అడిగిన్రట గద అత్తా. చెప్పొస్త."

విఠల్ చేతిలో దువ్వెన ఆగింది. "ఆడికొచ్చి నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు. అత్త వాకిట్లో అడ్డంగా నిలబడింది. "ఈ గడప దాటినవంటే మల్ల లోపలికి రాకు. మీ నాయనిచ్చిన భూమి నా కొడుకు పేరు మీదుంది, యాదుంచుకో. గుంట సుత నీకు రాదు."

నేను ఆమె పక్క నుంచి దూరి బయటికొచ్చాను. వానలో నారాయణగూడ దాకా నడిచాను. పోగానే కుంపటి అడిగాను. ముగ్గురు తెల్లవాళ్లు, పీరయ్య సారు, ఉల్రికె నిలబడి చూస్తుండగా పూత ఎక్కించాను. విఠల్ రాలేదు.

నన్నే తీసుకున్నారు. అయితే కాగితాల మీద భర్త సంతకం లేనిదే పంపబోమని ఇక్కడి సంస్థవాళ్లు అన్నారు. విఠల్ పెట్టలేదు. నా బదులు కవాడిగూడ పిల్లగాడొకడు పోయాడు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటున్నాను. పాత కుర్చీలు, బీరువాలు పాలిష్‌కు తెస్తారు. ఎవరి పాలిష్ అని ఎవరైనా అడిగితే నాదని చెబుతాను. జర్మనీ పోయి వచ్చావా అక్కా అంటారు కొందరు. పోలేదు. దాని కోసం పోగొట్టుకున్నది మాత్రం ఉంది, నాగర్‌కర్నూల్ దగ్గర, మా నాయనిచ్చిన చెరువు కింది పొలం, ఎకరం పది గుంటలు.