బసవలింగప్ప కూత

నేను క్షమించే రకం కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మంచిదాన్ననుకుని మోసపోవద్దు.

రాయచూరు కేబుల్ టీవీలో సాయంత్రం వార్తలు చదివే అంబుజ అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. అంతకుముందు నేను కబడ్డీ కామెంటరీ చెప్పేదాన్నని మాత్రం చాలామందికి తెలియదు. దానికి కారణం బసవలింగప్ప.

శక్తినగర్‌లో థర్మల్ ప్లాంటు వచ్చిన కొత్త. కాలనీ మైదానంలో ఏటా పోటీలు జరిగేవి. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి నేను మైకులో దంచేస్తుంటే పక్కనున్న దేవసూగూరు నుంచి జనం నడిచొచ్చి వినేవారు. ఆ ఏడు ఫైనల్లో బసవలింగప్ప జట్టువాడు కూతకెళ్ళి మధ్యలో గుక్క తిప్పుకున్నాడు. కూత తెగితే ఔటే కదా! రెఫరీ చూడనట్టు నటించాడు. నేను చూశాను, మైకులో చెప్పాను. పోటీలు పెట్టించిన పెద్దమనిషి బసవలింగప్పే. విసవిసా వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఆడిదానికి ఆటేం తెలుస్తది? ఇంట్ల పొయ్యి కాడ కూసోపో!"

మైకు ఆపకుండానే అన్నాడు. మైదానమంతా నవ్వింది. జనంలో ఉన్న మా నాన్న తలవంచుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నన్నెవరూ మైకు దగ్గరికి పిలవలేదు. ఏడుపు రెండ్రోజుల్లో ఆగింది. కోపం ఇప్పటికీ ఆగలేదు.

మొన్న ఆయనే మునిసిపల్ ఎన్నికల్లో నిలబడ్డాడు. మా ఛానెల్లో ప్రతి అభ్యర్థినీ లైవ్‌లో కూర్చోబెడతాం. ప్రశ్నలు వాళ్ళ మనుషులే ఇస్తారు, జవాబులూ వాళ్ళే నేర్పి పంపుతారు. అభ్యర్థి తడబడితే "అంటే మీరనేది..." అంటూ మాట అందించి గట్టెక్కించడం యాంకరు పని. అలా ఎంతమంది నోరు లేనివాళ్ళను మహావక్తలను చేశానో!

ఛానెల్ ఓనరు శేషయ్యది కోస్తా నుంచి వలసొచ్చి సింధనూరు కాలువ కింద వరి పండించే కుటుంబం. పొద్దున్నే నన్ను పిలిచాడు.

"అంబుజమ్మా, ఆయన మనకి కావాల్సినోడు. నవ్వుతా లాగించెయ్యమ్మా. తేడా వచ్చిందంటే నీ కుర్చీ పోద్ది, నేనేం చెయ్యలేను."

సాయంత్రం బసవలింగప్ప వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"వార్తలు సదివేది నువ్వేనా అమ్మా? బాగ సదువుతవంట."

గుర్తుపట్టలేదు! ఇన్నేళ్ళూ నేను కడుపులో పెట్టుకు మోసిన మనిషికి నా ముఖమే తెలియదు. మైకు లాక్కున్న నాటికన్నా ఎక్కువ మండింది.

లైవ్ మొదలైంది. ప్రశ్నల కాగితం పక్కకు పెట్టేశాను. "ఈ అరగంటా బసవలింగప్పగారిదే. మధ్యలో నేను ఒక్క మాట కూడా అడ్డురాను," అని చేతులు కట్టుకుని నవ్వాను. శేషయ్య నవ్వమన్నాడుగా.

ఆయన బాగానే మొదలుపెట్టాడు. నీళ్ళు, రోడ్లు, మురుగు పారే మోరీలు. మళ్ళీ నీళ్ళు. నావైపు చూశాడు. నవ్వాను.

"మన వార్డుల... మోరీలు... గిట్ల... అంటే..."

ఆయన వెతుక్కుంటున్న మాట నా నాలుక చివరే ఉంది. మింగేశాను. ఆయన మెడమీద చెమట కారుతుంటే కన్నార్పకుండా చూశాను. హాయిగా ఉంది, అబద్ధమెందుకు?

"అడుగమ్మా, ఏమన్న అడుగు!" బతిమాలాడు, ఊరంతా చూస్తుండగా.

అప్పుడు మైకు దగ్గరికి జరిగి, మైదానంలో ఎత్తే పాత గొంతు ఎత్తాను. "కూతకొచ్చినోడు బసవలింగప్ప! గీత దాటిండు! ఊపిరి అందుతలేదు... కూత తెగింది! ఔట్!"

కింద చాయ్ హోటల్లోంచి ఈలలు వినిపించాయి. కెమెరా పట్టుకున్నతను నోరు మూసుకుని నవ్వుతున్నాడు. గాజు తలుపు అవతల శేషయ్య నాకేసి వేలు చూపించి, ఆ వేలితోనే బయటికి దారి చూపించాడు. నేను సంచీ తీసుకున్నాను.

మెట్ల దగ్గర బసవలింగప్ప అడ్డమొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"అమ్మా, నీకు నేనేం జేసిన? తప్పు జేసింటే జెప్పు, మాఫీ అడుగుత."

నిజంగానే అడుగుతున్నాడు. చెబితే రెండు చేతులూ జోడించేవాడు, తేలికపడి ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు. చెప్పకపోతే, ఇన్నేళ్ళలో ఎవరెవరికి ఏమేం చేశాడో ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పడుకోవాలి.

"మీరే యాది జేసుకోండి," అని మెట్లు దిగాను.