చిన్న సవరణ

పొద్దున్నుంచి అతను ఒకే వాక్యాన్ని చెరిపి రాస్తున్నాడు. "ఈ మూడు ఫైళ్లకు పాత ప్రతి లేదు. చెత్తబుట్టలో వేయమంటారా?" కళ్లజోడు ముక్కు చివరికి జారింది. చూపుడువేలు మౌస్‌ను తాకకుండా గాలిలో నిలబడి ఉంది. నొక్కేముందు ఆగడం ఆ వేలికి పదకొండేళ్ల అలవాటు.

ప్రోగ్రామర్లు ఏ రోజు ఏం మార్చారో పాత ప్రతులతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ ఆఫీసులో తయారవుతుంది. అందులో బటన్ల మీద మాటలు, హెచ్చరికలు రాయడం, అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటం అతని ఉద్యోగం. అందరూ అతన్ని 'ఖాయమేనా' అంటారు. టీ కావాలన్నా "ఖాయమేనా?" అని అడుగుతాడని, పెళ్లిచూపుల్లో కూడా అలాగే అడిగి ఉంటాడని నవ్వుకుంటారు. అతనూ నవ్వేస్తాడు. ఆ జాగ్రత్త ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ముఖం అతనికి లేదు.

పదకొండేళ్ల కిందట 'మార్పులు రద్దు' అనే బటన్ పెట్టారు. నొక్కితే ఫైలు చివరిసారి దాచిన ప్రతికి తిరిగి వెళ్లాలి. ఒక్కసారైనా దాచని కొత్త ఫైలుకు పాత ప్రతి ఎక్కడిది? దాన్ని ఆ బటన్ మాటమాత్రం చెప్పకుండా తుడిచేసేది. టెస్టింగ్‌లో ముందు అతని ఫైలే పోయింది. మర్నాడు విడుదల. ఆపితే అందరూ తన మీద పడతారు. 'సరిగా ఉంది' అని రాసి చేతులు దులుపుకున్నాడు.

వారం తిరక్కుండా పక్క వరసలో కూర్చునే అక్క నాలుగు నెలల పని పోయింది. వయసులో పెద్దది కాబట్టి ఆఫీసంతటికీ ఆమె అక్కే. మొత్తం పూర్తయ్యాకే దాద్దామనుకుందట. నీకు టెస్టింగ్‌లో ఇలా ఎప్పుడైనా అయిందా అని అడిగితే, లేదన్నాడు. అయితే నేనే ఏదో తప్పు నొక్కానని ఆమె నేరం నెత్తిన వేసుకుంది. పై వాళ్లు నాలుగు మాటలంటే తల దించుకుని పడింది. అతను ఆ బటన్ ముందు 'ఖాయమేనా?' అని ఒక పెట్టె తగిలించి ఊరుకున్నాడు. ఏం పోతుందో అందులో రాయలేదు. రాస్తే తన బండారం బయటపడుతుంది.

ఆనాటి నుంచి అక్క రోజూ సాయంత్రం ఆ రోజు దాచిన ఫైళ్ల పేర్లు ఒక నోటుపుస్తకంలో చేత్తో రాసుకుని, ఒక్కొక్కటీ సరిచూసి టిక్కు పెడుతుంది. ఇంకా పుస్తకమేమిటక్కా అని కుర్రకారు ఆటపట్టిస్తే, చెయ్యి కాలినదాన్ని కదా అంటుంది. ఆ సమయానికి అతను ఏదో పని కల్పించుకుని లేచి వెళ్లిపోతాడు.

ఈరోజు అక్క ఉద్యోగానికి ఆఖరి రోజు. అందుకే ఇవాళ అతను ఆ పెట్టెలో అసలు సంగతి రాయడానికి కూర్చున్నాడు. అక్కడ ఏ మార్పు చేసినా ఒక వాక్యంలో కారణం రాయాలి, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. కారణం దగ్గర 'చిన్న సవరణ' అని రాసి పంపాడు. చదివే వంతు అక్కదేనని పంపాక చూసుకున్నాడు.

పది నిమిషాలకు ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"మొదటినుంచీ ఇలాగే తుడిచేసేదా ఇది?"

"అవునక్కా."

"నీకెప్పుడు తెలిసింది?"

"మీ ఫైళ్లు పోవడానికి వారం ముందు."

తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. "ఆ పుస్తకానికి రోజూ పావుగంట," అంది మెల్లగా. లేచి వెళ్లిపోయింది.

సవరణ తిరిగొచ్చింది. కింద రెండే మాటలు: కారణం రాయి.

అతని చెవులు వేడెక్కాయి. అక్కడ రాసింది ఆఫీసులో ఎవరైనా, ఎప్పుడైనా తెరిచి చదవచ్చు. 'ఈ బటన్ ఫైళ్లను తుడిచేస్తుందని టెస్టింగ్‌లోనే చూశాను. దాచిపెట్టాను. అక్క తప్పేమీ లేదు' అని రాశాడు. సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. పంపాడు. ఆమె ఒప్పుకుంది.

సాయంత్రం అక్క అందరికీ పేరుపేరునా చెప్పి బయల్దేరింది. అతని కుర్చీ దగ్గర మాత్రం ఆగలేదు. అతను తలెత్తేసరికి లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

అందరూ వెళ్లాక ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు. సొరుగులు ఖాళీ. బల్ల మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో ఈనాటి తేదీ, కింద ఏమీ రాయని గీతలు, వాటి మీద మూత పెట్టిన పెన్ను.