ఆర్గన్ లేని గురువారం

అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో పాత కుర్చీలు, పొయ్యిలు, కుట్టుమిషన్లు కొని అమ్మే ఆర్విల్ హాస్కిన్స్‌ను బేరంలో ఓడించినవాడు లేడు. నాలుగో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి కనుక అతని బేరమంతా పెన్సిలుతో, కాగితం మీదే. అది తనకు లాభమనే అతని లెక్క. ఎదుటివాడు రాస్తున్నంతసేపూ వాడి ముఖం చదువుకోవచ్చు. రాశాక వాడు మాట మార్చలేడు.

ఆ ఊళ్లో చెవిటివాళ్లు తక్కువేం కాదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో టైర్ల ఫ్యాక్టరీ వాళ్లను వందల్లో పనికి పెట్టుకుంది. శనివారం వచ్చిందంటే వాళ్లంతా బిజూ థియేటర్లో చేరేవారు. తెర మీద మాటలుండవు, అక్షరాలు వస్తాయి. అక్కడ చెవులున్నవాళ్లూ వీళ్లూ ఒకటే. నిజానికి వీళ్లదే పైచేయి, ఎందుకంటే వీళ్లలో బెర్ట్ స్లోన్‌కు పెదవుల కదలిక చదవడం వచ్చు. హీరోయిన్ ప్రియుడి ఒళ్లో ప్రాణం వదులుతుంటే హాలంతా కళ్లు తుడుచుకునేది. బెర్ట్ మాత్రం వరసలో అందరికీ కనబడేలా చేతులెత్తి సైగలతో, "మధ్యాహ్నం ఉల్లిపాయలు తిన్నావా, కంపు కొడుతున్నావు అంటోంది" అని చెప్పేవాడు.

అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వేది ఆర్విల్ భార్య లెటీ. చెవిటి పిల్లల బడిలో ఒకరికొకరు చేత్తో చూపించే పేర్లు పెట్టుకుంటారు. పెదవుల చివర రెండు వేళ్లు పెట్టి పైకి లాగితే అది లెటీ. ఆరో ఏట ఆమెకు ఆ పేరు పెట్టారు. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఆమె నవ్వు ఆర్విల్‌కు తెలిసింది భుజం ద్వారా. చీకట్లో పక్కన కూర్చున్న ఆమె భుజం అదిరితే అతనికి టికెట్టు డబ్బులు గిట్టుబాటైనట్టే.

అమెరికా అంతటా బొమ్మలు మాట్లాడడం మొదలుపెట్టిన పందొమ్మిదివందల ఇరవై తొమ్మిదిలో ఊళ్లో హాళ్లన్నీ ఒక్కొక్కటే మాటలు వినిపించే యంత్రాలు పెట్టించుకున్నాయి. వీళ్లూ ఒకసారి వెళ్లారు. నటులు మైకు దాచిన పూలకుండీ చుట్టూ నిలబడి ఊరికే పెదవులు ఆడించారు, సగంసేపు వీపే కనబడింది. ఒక్క అక్షరం రాలేదు. సగంలో లేచి వచ్చేశారు.

బిజూ మేనేజరు గోర్మన్ కూడా యంత్రం తెప్పిస్తున్నాడని తెలిసి ఆర్విల్ పెన్సిలు తీసుకుని బయలుదేరాడు. యంత్రాలు లేని చిన్న ఊళ్ల కోసం కంపెనీలు ఆ ఏడాది ఇంకా మాటల్లేని కాపీలు కూడా పంపుతున్నాయి. గురువారం మధ్యాహ్నం మీ హాలు ఎలాగూ ఖాళీ, ఆ కాపీ తెప్పించి ఆడించండి, నలభై టికెట్లకు నాది పూచీ అని రాశాడు. మాటల్లేని బొమ్మ ఆడుతున్నంతసేపూ తెర పక్కన ఆర్గన్ వాయించే మిస్ ప్రూయిట్ జీతం ఎవరివ్వాలని గోర్మన్ అడిగాడు. ఆర్విల్‌కు లోపల నవ్వొచ్చింది.

"మాకు వాయిద్యం ఎందుకండీ? ఆ జీతం మిగుల్చుకుని టికెట్టు సగం చెయ్యండి."

గోర్మన్ వెంటనే చెయ్యి కలిపాడు. అంత త్వరగా ఒప్పుకున్నాడంటే ఎక్కడో తనకు దెబ్బ పడిందని మరో రోజైతే ఆర్విల్‌కు తట్టేది. ఆ రోజు తట్టలేదు.

నాలుగు గురువారాలు పండగలా గడిచాయి. సగం టికెట్టు కనుక, మాట్లాడే బొమ్మల గోల గిట్టని వీధిలోని ముసలివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఐదో వారం గోర్మన్ ఆర్విల్‌ను తన గదిలోకి పిలిచి కాగితం ముందుకు తోశాడు.

"మీవాళ్ల కుర్చీల చప్పుడు, కాళ్ల చప్పుడు ఎలాగో సర్దుకుపోతున్నారు. మీ ఆవిడ నవ్వు మాత్రం భరించలేమంటున్నారు. జంతువును కోస్తున్నట్టుందట. పోయినవారం తెర మీద తల్లి చనిపోతుంటే నవ్విందట. నవ్వకుండా చూడండి, లేదా ఇంట్లో ఉంచండి."

ఆర్విల్ రెండుసార్లు చదివాడు. ఇన్నేళ్లుగా వస్తున్నాం, ఎవరూ అనలేదే అని రాశాడు.

"ఆర్గన్ మోగుతుంటే ఎవరికి వినబడుతుంది?"

ఆ జీతం నేనిస్తాను, టికెట్టు కూడా పూర్తిగా తీసుకోండి, మిస్ ప్రూయిట్‌ను మళ్లీ పిలిపించండి అని ఆర్విల్ గబగబా రాశాడు. గోర్మన్ తల అడ్డంగా ఊపాడు. ఆర్గన్‌ను ఊడదీసి చర్చివాళ్లకు అమ్మేశారు. అది ఉన్నచోట ఇప్పుడు మాటలొచ్చే పెట్టె ఉంది. మిస్ ప్రూయిట్ బేకరీలో రొట్టెలు చుడుతోంది.

ఆర్విల్ కాగితాన్ని కొట్లో పొయ్యిలో వేశాడు. లెటీకి తెలియకూడదు, అంతే. గోర్మన్ ఎందుకు పిలిచాడని ఆమె అడిగితే ఇంకో పది టికెట్లు అమ్మిపెట్టమన్నాడని చెప్పాడు. నీ ముఖం అలా లేదే అని ఆమె అంది. తర్వాతి గురువారం ఆట మొదలయ్యే ముందు బెర్ట్‌ను పక్కకు లాగి, ఈ పూట పెదవులు చదవకు, జోకులు వద్దు అన్నాడు.

"ఎందుకన్నా? నా చేతులకు కూడా టికెట్టు అడిగాడా గోర్మన్?" అన్నాడు బెర్ట్.

ఆర్విల్ వెళ్లి లెటీ పక్కన కూర్చున్నాడు. కానీ ఆ పూట ఆడింది హాస్యం బొమ్మే. లావుపాటివాడు మెట్ల మీద జారాడు. లెటీ భుజం అదిరింది. ముందు వరసలో ఒక ముసలావిడ వెనక్కి తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది. ఆర్విల్ లెటీ మణికట్టు పట్టుకున్నాడు. ముద్దుకు పట్టుకున్నాడనుకుని ఆమె అతని వేళ్లు నొక్కింది. ఆ తర్వాతే ఆ ముసలావిడను చూసింది. ఆమె పక్కన మరో ముఖం, అటు చివర మరో రెండు ముఖాలు. భుజం ఆగిపోయింది.

ఇంటికి వచ్చి టోపీ కూడా తియ్యకుండా అడిగింది. "గోర్మన్ రాసింది నా గురించేనా?"

అతను తలూపాడు.

"ఎలా ఉంటుందట?"

"గట్టిగా ఉంటుందట."

"గట్టిగా, అంతేనా?"

"అంతే."

ముప్పై ఏళ్లుగా బేరాల్లో ముఖం దాచుకున్న మనిషికి ఆ క్షణం అది చేతకాలేదు. లెటీ ఆ ముఖం చదువుకుంది.

"చిన్నప్పుడు బడిలో టీచరమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టేది. ముద్దు చేస్తోందనుకున్నానయ్యా నేను."

ఆర్గన్ సంగతి, తన బేరం సంగతి అతను అంతా చెప్పుకున్నాడు. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"సగం టికెట్టని నేనూ మురిశానుగా," అంది.

వెళ్లడం మానలేదు. మానితే అందరూ ఎందుకని అడుగుతారంది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. స్నేహితులు మాత్రం ఎప్పటిలాగే పెదవుల చివర రెండు వేళ్లు పెట్టి ఆమెను పిలిచేవారు. డిసెంబరుతో మాటల్లేని కాపీలు ఆగిపోతాయని గోర్మన్ గుమ్మానికి కాగితం అంటించాడు.

ఆఖరి గురువారం కూడా లావుపాటివాడి బొమ్మే. బెర్ట్ ఆగలేక చేతులెత్తి ఏదో బూతు చెప్పాడు, వరసంతా ఊగింది. ఆర్విల్ భుజాన్ని లెటీ భుజానికి ఆనించాడు. తన కొట్లో అమ్ముడుపోని అలమారాకు ఆనినట్టుంది.

అప్పుడు అతను నోరు తెరిచి, కడుపులో ఉన్న ఊపిరంతా తోసి నవ్వాడు. అది ఎలా వినబడుతోందో అతనికి తెలియదు. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఈసారి అన్నీ అతని వైపే తిరిగాయి. తలుపు దగ్గర్నించి గోర్మన్ వస్తున్నాడు. ఆర్విల్ ఆపలేదు.

లెటీ రుమాలు ఒళ్లో పెట్టుకుని అతని ముఖం చూసింది. తర్వాత చెయ్యి చాచి, బడిలో టీచరమ్మలా, అతని నోటి మీద అరచెయ్యి గట్టిగా పెట్టింది. తెర మీద లావుపాటివాడు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ జారాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.